రెండోదాంట్లో పెట్టాలండి

ఇస్సాకు మాస్టారు పిల్లల్ని కొట్టరు. రాజోలు తాలూకాలో ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న ఆ హైస్కూల్లో మిగతా మాస్టర్ల బల్లల మీద బెత్తాలుండేవి. ఆయన బల్ల మీద సుద్దముక్కల డబ్బా ఒక్కటే ఉండేది.

దానికో కారణం ఉంది. ఆయన తండ్రి ఒక ఆసామి పొలంలో పనిచేసే పాలికాపు. ఊరి బయట వాళ్ళ పేటలోంచి బళ్ళోకి అడుగుపెట్టిన మొదటి పిల్లాడు ఇస్సాకే. తప్పు చేస్తే ఒక దెబ్బ, ఒప్పు చెబితే "నీకెవడు చెప్పేడ్రా" అని రెండు దెబ్బలు. సాయంత్రం తల్లి ఆ వీపుకి కొబ్బరినూనె రాసేది. ఆ నూనె చేతుల కింద బోర్లా పడుకునే ఆయన అనుకున్నాడట, నేను మాస్టర్నైతే మాత్రం పిల్లల మీద చెయ్యి వెయ్యను అని. మాస్టారయ్యేడు. అన్న మాట మీదే ఉన్నాడు.

లెక్కల్లో ఆయనకి బాగా ఇష్టమైనది ప్రతిక్షేపణ. ఏటా గోదారికి వరద ఎర్రనీళ్ళు తగిలే రోజుల్లోనే ఆ పాఠం మొదలుపెట్టేవారు. కిటికీలోంచి ఏరు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి లెక్క కూడా ఏటిదే.

"ఒక పడవ ఉందర్రా. ఏటి వాలున పోతే గంటకి ఐదు మైళ్ళు పోతోంది. ఎదురెక్కితే గంటకి ఒక్క మైలే. అయితే పడవ సొంత జోరెంత? ఏటి జోరెంత?"

పడవ జోరు ఎక్స్. ఏటి జోరు వై. వాలున రెండూ కలుస్తాయి, ఎక్స్ ప్లస్ వై ఐదు. ఎదురెక్కితే ఒకటి రెండోదాన్ని వెనక్కి లాగుతుంది, ఎక్స్ మైనస్ వై ఒకటి. రెండూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, చేతులు దులుపుకుని పిల్లల వైపు తిరిగేవారు.

"మొదటిది మనకేం చెబుతోంది? ఐదులోంచి వై తీసేస్తే మిగిలేదే ఎక్స్ అంటోంది. మంచి కబురే. మరి ఆ కబురు ఎవరికి చెప్పాలి? వీరాయమ్మ చెప్పిన కబురు మళ్ళీ వీరాయమ్మకే చెబితే ఏమంటుంది? 'ఓసోస్, నేను చెప్పిందే కదా' అంటుంది. అక్కడితో ఆగిపోతుంది. పక్కింటి సత్తెమ్మకి చెప్పాలి. అప్పుడు బయటపడుతుంది అసలు గుట్టు. అంచేత ఎక్స్ విలువ పట్టుకెళ్ళి దేంట్లో పెట్టాలర్రా?"

"రెండోదాంట్లో పెట్టాలండీ!" అని క్లాసంతా ఒక్కసారి అరిచేది. ఐదులోంచి వై పోయి, మళ్ళీ వై పోతే ఒకటి. రెండు వైలు నాలుగు. ఏటి జోరు రెండు, పడవ జోరు మూడు. లెక్క తేలగానే పడవల వాళ్ళ పిల్లలు కిటికీలోంచి ఏటి వైపు చూసేవారు, నిజంగా అంతేనా అన్నట్టు.

పంతొమ్మిది వందల ఎనభై రెండు వేసవిలో ఇస్సాకు మాస్టారికి ఏదో మొదలైంది. ముందు కనిపెట్టింది భార్య జ్ఞానమ్మ. ఉప్పు తెమ్మంటే తెచ్చి, మళ్ళీ బజారుకెళ్ళి ఇంకో పొట్లం తెచ్చేరు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అందరూ లేస్తే ఆయన లేవకుండా పక్కవాళ్ళ మొహాలు చూసేరు. ఒకసారి బడి నుంచి వస్తూ సొంత ఇంటి గుమ్మం దాటి వెళ్ళిపోతుంటే ఆవిడే కేకేసింది.

"ఏవండీ, ఎక్కడికలాగ?"

"ఏం లేదు జ్ఞానం, ఏదో ఆలోచనలో ఉన్నాను," అన్నారాయన నవ్వుతూ. ఆ నవ్వు జ్ఞానమ్మకి నచ్చలేదు.

ఆయనకీ లోపల తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా పుస్తకం తెరవకుండా పాఠం చెప్పిన మనిషి, పొద్దున్నే లేచి వీధరుగు మీద కూర్చుని ఆ రోజు చెప్పాల్సిన లెక్క చేసుకుని చూసుకోవడం మొదలుపెట్టేరు. అరుగు మీద వచ్చేది. బళ్ళోకి నడిచేసరికి అందులో ఒక మెట్టు జారిపోయేది. పోనీలే, యాభై దాటిన మనిషిని, అనుకునేవారు. కళ్ళజోడు మార్చుకోవాలేమో అనుకునేవారు. రాత్రి సరిగ్గా నిద్ర పట్టక ఇలా ఉంటోందేమో అనుకునేవారు. తనకి తెలిసిన కారణాలన్నీ వెతుక్కున్నారు గానీ, అవేవీ కావని భయంగానే ఉండేది.

ఆ ఏడు పదో తరగతిలో ముత్యాలు అనే పిల్ల ఉండేది. రేవులో పడవ వేసే సత్తిబాబు కూతురు. తొమ్మిది పాసవగానే సత్తిబాబు దాన్ని మాన్పించేద్దామనుకున్నాడు. అప్పుడు ఇస్సాకు మాస్టారే రేవుకెళ్ళి, ఒడ్డున కట్టేసిన పడవ అంచు మీద కూర్చుని, అతని చేత ఊ అనిపించేరు. "పది పాసవనియ్యి సత్తిబాబూ. నర్సు ట్రైనింగుకి నేను రాయిస్తాను. మీ వీధిలో తెల్లచీర కట్టుకుని ఉద్యోగానికెళ్ళే మొదటి పిల్ల ఇదే అవుతుంది," అన్నారు. "తమరు చెబితే ఇంకేముందండి, ఆయ్," అన్నాడు సత్తిబాబు. ఆ మాట మీదే పిల్ల పదో తరగతిలోకొచ్చింది.

ఎర్రనీళ్ళు వచ్చేయి. ప్రతిక్షేపణ పాఠం వచ్చింది.

ఆ రోజు ఆయన బోర్డు మీద రెండు సమీకరణాలూ రాసేరు. ఎక్స్ అంటే ఐదు మైనస్ వై అని రాసేరు. వీరాయమ్మ సంగతి చెప్పడం మర్చిపోయేరు. చెయ్యి దానంతటది కదిలి, ఆ విలువని తీసుకెళ్ళి మళ్ళీ మొదటిదాంట్లోనే పెట్టింది. ఐదు మైనస్ వై ప్లస్ వై, ఈక్వల్ టు ఐదు. వై, వై కొట్టుకుపోయేయి. ఐదు ఈక్వల్ టు ఐదు.

ఆయన ఆగి చూసేరు. ఎక్కడా తప్పు కనిపించలేదు. ఐదు ఐదే కదా. కానీ పడవేదీ? ఏరేదీ? చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టేరు. మళ్ళీ ఐదు ఈక్వల్ టు ఐదు. మూడోసారి రాస్తున్నప్పుడు సుద్దముక్క విరిగి కింద పడింది.

అప్పుడు ముత్యాలు లేచి నిలబడింది. పొగరేం లేదు, ఎవరో పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతుక్కుంటుంటే చెప్పినట్టే చెప్పింది.

"మాస్టారండీ, రెండోదాంట్లో పెట్టాలండి."

మాట వినిపించింది. ఆ మాట తనదేనని కూడా తెలిసింది. కానీ దాని అర్థం అందలేదు. రెండోది అంటే ఏది? బోర్డు నిండా వరసలున్నాయి, అందులో మొదటిదేది, రెండోదేది? రేవులో ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే అడుగు లేని నీళ్ళలోకి దిగిపోయినట్టయింది ఆయనకి. అంత భయం ఆయన పుట్టాక ఎరగరు.

"రెండోదాంట్లోనండి," అంది ముత్యాలు మళ్ళీ, బోర్డు దగ్గరికొచ్చి వేలు పెట్టి చూపిస్తూ.

ఆయన చెయ్యి లేచి ఆ పిల్ల చెంప మీద పడింది.

సుద్ద అంటిన చెయ్యి. చామనఛాయ చెంప మీద వేళ్ళు తెల్లగా తేలేయి. ముత్యాలు ఏడవలేదు. దెబ్బ కన్నా ఆశ్చర్యమే ఎక్కువ తగిలినట్టు ఆయన మొహంలోకి చూసి, వెళ్ళి తన చోట కూర్చుంది. ఆ చెంప తుడుచుకోను కూడా లేదు. గంట కొట్టేదాకా ఆ వేళ్ళు అలాగే ఉన్నాయి. ఇస్సాకు మాస్టారు కుర్చీలో కూర్చుని తన అరచేతి వైపే చూసుకుంటూ ఉండిపోయేరు.

మర్నాడు ముత్యాలు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే, ముత్యాలు వాళ్ళ వీధి పిల్లొకత్తి లేచి చెప్పింది.

"వాళ్ళ నాన్న మాన్పించేసేడండి. ఇస్సాకు మాస్టారు ఎవర్నీ కొట్టరు, ఆయన చేతే కొట్టించుకుందంటే ఇదెంత పని చేసిందో అని ఇంట్లో కూడా కొట్టేడండి."

ఆ సాయంత్రం ఆయన జ్ఞానమ్మకి అంతా చెప్పేరు. అరచెయ్యి చూపించి మరీ చెప్పేరు. ఆవిడ చాటలో బియ్యం పక్కన పెట్టింది.

"ఆ పిల్ల చెప్పింది రైటేనా?" అంది.

"రైటే. పొద్దున్న అరుగు మీద చేస్తే నాకే వచ్చింది. రెండోదాంట్లోనే పెట్టాలి."

"అయితే వెళ్ళి చెప్పండి. చిన్నపిల్లయితే మాత్రం, తప్పు తప్పే కదా. ఆ తండ్రికి తెలియాలి."

ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళేరు, ఉతికిన పంచెతోనే. సత్తిబాబు ఇల్లు ఏటిగట్టు కింద తాటాకిల్లు. మాస్టారు గట్టు దిగడం చూసి సత్తిబాబు వల బాగు చేస్తున్నవాడల్లా లేచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఎదురొచ్చేడు. నులకమంచం దులిపి వేసేడు.

"తమరెందుకు వచ్చేరండి? కబురంపితే నేనే వద్దును కదండీ. ఇది చేసిన పనికి నేనే తమరికి మొహం చూపించలేక పోతున్నానండి."

"అది ఏ పనీ చెయ్యలేదు సత్తిబాబూ. తప్పు నాది. లెక్క నేనే తప్పు చేసేను. పిల్ల సరిగ్గా చెప్పింది. సరిగ్గా చెప్పినందుకు కొట్టేను."

సత్తిబాబు నవ్వేడు. అదీ చేతులు జోడించుకునే నవ్వేడు.

"మాస్టారి మనసు వెన్నండి. దాన్ని వెనకేసుకొస్తన్నారు. ఇన్నేళ్ళలో లేనిది తమరికి లెక్క తప్పడవేంటండి?"

"తప్పింది. నా మాట నమ్ము."

"ఆయ్, ఆయ్," అన్నాడు సత్తిబాబు. పెద్దవాళ్ళేదో మర్యాదకి అన్న మాటకి ఆయ్ అన్నట్టే అన్నాడు.

మాటతో లాభం లేదని ఇస్సాకు మాస్టారికి తెలిసింది. లేచి, పొయ్యి దగ్గర నుంచి ఒక బొగ్గుముక్క తీసుకున్నారు. సున్నం వేసిన మట్టిగోడ దగ్గర నిలబడ్డారు. తను చేసింది ఒక పక్క, పిల్ల చెప్పింది ఇంకో పక్క రాసి చూపిస్తే, చదువు రాకపోయినా ఒకటి తేలిందనీ ఒకటి తేలలేదనీ కళ్ళతోనే తెలుసుకుంటాడని ఆయన ఆశ. లోపలి గుమ్మం దగ్గర తల్లి వెనక ముత్యాలు నిలబడి ఉంది.

"చూడు, ఇది నేను చేసింది," అంటూ రాసుకుంటూ వెళ్ళి కింద పెద్ద అక్షరాలతో ఐదు ఈక్వల్ టు ఐదు అని వేసేరు. "ఇదేమిటో చెప్పు?"

సత్తిబాబు దగ్గరికొచ్చి చూసేడు. పడవ మీద జనాన్ని లెక్కపెట్టే మనిషి, అంకెలు తెలుసు. "ఐదండి. ఇదీ ఐదేనండి."

"మరి?"

"ఐదూ ఐదే కదండీ మాస్టారూ. సరిగ్గానే ఉంది కదండీ. తప్పేదండి ఇందులో?"

"ఉండు. ఇప్పుడు మీ అమ్మాయి చెప్పింది చేసి చూపిస్తాను. చూస్తే నీకే తెలుస్తుంది." గోడకి రెండో పక్కకి జరిగేరు. సమీకరణాలు రెండూ రాసేరు. ఎక్స్ ఈక్వల్ టు ఐదు మైనస్ వై. బొగ్గు అక్కడ ఆగింది. ఇప్పుడు దీన్ని పట్టుకెళ్ళి దేంట్లో పెట్టాలి? పొద్దున్న చర్చికెళ్ళే ముందు కూడా వచ్చింది. రెండోది. రెండోది అంటే కిందిదా? పైన రాసింది మొదటిదే కదా? లేక ఇందాక ఆ పక్కన రాసింది మొదటిదా? ఆయన చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊగింది. ఆ తర్వాత, ఏదో ఒకటి రాయకపోతే ఈ జనం ముందు పడిపోతానన్నట్టు, గబగబా రాసేరు. రాసి వెనక్కి జరిగి చూస్తే, అక్కడా ఐదు ఈక్వల్ టు ఐదే ఉంది.

ఆయన తల తిప్పి గుమ్మం వైపు చూసేరు. ముత్యాలు గోడనే చూస్తోంది. ఆ రోజు క్లాసులో మాస్టారు ఏదో పరాకులో ఉండి కోప్పడ్డారనుకుంది ఆ పిల్ల. ఇప్పుడు తెలిసింది. ఈయనకి రావట్లేదు. ఆ తెలియడం ఆ చిన్న మొహంలోకి ఎలా వచ్చిందో ఇస్సాకు మాస్టారు కళ్ళారా చూసేరు. చెప్పమ్మా, నువ్వు చెప్పు, నువ్వొచ్చి చేసి చూపించు, అని అడగబోయేరు. ఆయన నోరు విప్పేలోపే ముత్యాలు తల్లిని తప్పించుకుని ముందుకొచ్చింది.

"అవును నాన్నా. మాస్టారు చేసిందే రైటు. నేనే తెలీక అడ్డం మాట్లాడేను," అంది. ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది. "తప్పైపోయిందండి మాస్టారూ."

"కాదమ్మా," అన్నారాయన. "కాదు... అలా కాదు..."

"చూసేరా మరి," అన్నాడు సత్తిబాబు. "ఇన్నాళ్ళకి నోరు విప్పి ఒప్పుకుంది."

పిల్లని బడికి పంపమని ఇస్సాకు మాస్టారు చాలా బతిమాలేరు. సత్తిబాబు కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అతను మాత్రం మెత్తగానే కాదన్నాడు.

"వద్దులెండి మాస్టారండీ. తమరంతటివారి చేతే చెయ్యెత్తించిందండి. రేపు ట్రైనింగనీ ఉద్యోగవనీ పరాయి ఊరెళ్ళి ఇలాగే అడ్డం మాట్లాడితే ఎవరు ఊరుకుంటారండి? తమరు చేసింది మంచే. దీని సంగతి నాకు ముందే తెలిపేరు."

వచ్చేటప్పుడు ఆకులో చుట్టి ఒక పండుగప్ప చేతిలో పెట్టేడు. వద్దంటే వినలేదు. ఇస్సాకు మాస్టారు ఆ చేపని పట్టుకుని గట్టెక్కేరు. ఇంటికొచ్చేక జ్ఞానమ్మ ఏమైందని అడిగితే, చేప ఆవిడ చేతికిచ్చి, అరుగు మీద కూర్చుండిపోయేరు.

మర్నాడు హెడ్మాస్టరు వెంకటరాజు గారి గదిలోకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేరు. "మీరు చెబితే నమ్ముతాడండి. ఒక్కసారి సత్తిబాబుని పిలిపించి, లెక్క తప్పింది మా మాస్టారిదేనని చెప్పండి."

వెంకటరాజు గారు తలుపు దగ్గరికి వేసి వచ్చేరు. "ఇస్సాకు గారూ, లెక్కల మాస్టారికి లెక్క రాలేదని హెడ్మాస్టర్ని నేను చెప్పనా అండీ? ఊరంతా పాకుతుంది. పైవాళ్ళకి తెలుస్తుంది. మీ ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించేరా? ఒక పిల్ల కోసం..." ఆయన మంచికే అన్నారు. "కొన్నాళ్ళు సెలవు పెట్టండి. అన్నీ సర్దుకుంటాయి."

సెలవు పెట్టించి జ్ఞానమ్మ ఆయన్ని కాకినాడ తీసుకెళ్ళి ఒక డాక్టరుకి చూపించింది. ఆ డాక్టరు ఇస్సాకు మాస్టారిని ఏవేవో అడిగి, బయట కూర్చోమని, ఆవిడకి విడిగా చెప్పేడు. మెదడు ఎండిపోయే జబ్బట. వయసు మళ్ళినవాళ్ళకి వచ్చేది ఈయనకి ముందే వచ్చిందట. మందు లేదట. "ఏమన్నాడు?" అని ఇస్సాకు మాస్టారు అడిగితే, "బలానికి మందు రాసిచ్చేడండి," అంది జ్ఞానమ్మ. ఆవిడ మొహం చూసి ఆయన రెండోసారి అడగలేదు.

తిరిగొచ్చేసరికి ముత్యాలు ఊళ్ళో లేదు. దాని పిన్ని కువైట్‌లో ఇంటిపనికెళ్ళింది. అల్లవరంలో బాబాయికి వండి పెట్టడానికీ, ఆ చిన్నపిల్లల్ని చూసుకోవడానికీ ముత్యాల్ని పంపించేసేరు.

ఇస్సాకు మాస్టారు మళ్ళీ క్లాసులోకెళ్ళేరు. అదే అన్నిటికన్నా చెడ్డ కాలం. కొన్ని రోజులు అంతా బాగానే ఉండేది. కొన్ని రోజులు ఆయన రాసిన దాంట్లో పైవరసకీ కిందివరసకీ సంబంధం ఉండేది కాదు. ఒకప్పుడైతే ఎవరో ఒకరు లేచి "మాస్టారండీ" అనేవారు. ముత్యాలుకి దెబ్బ పడ్డాక ఇంకెవరూ లేవలేదు. ఆయన ఏం రాస్తే అది తలవంచుకుని ఎక్కించుకునేవారు. "తప్పుంటే చెప్పండర్రా, నేనేమీ అనను," అని ఒకరోజు ఆయన అడిగేరు. క్లాసంతా తలవంచుకుని రాసుకుంటూనే ఉంది. "చెప్పండర్రా," అన్నారు మళ్ళీ. ముందు బెంచీలో పిల్లాడొకడు, "రైటేనండి," అన్నాడు, బోర్డు చూడకుండానే.

పరీక్షా ఫలితాలొచ్చేయి. ఆ బడి పుట్టాక అంతమంది లెక్కల్లో పోవడం అదే మొదలు. వెంకటరాజు గారు ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఆరోగ్యం బాగాలేదని రాసి ఉద్యోగం మానుకోమని నెమ్మదిగా చెప్పేరు. ఇస్సాకు మాస్టారు సంతకం పెట్టేరు. తన పేరు రాయడం ఆయనకి ఇంకా వచ్చు.

ఉద్యోగం పోయిందన్న బాధ ఆయనకి పెద్దగా లేదు. ఒకటే తొలుస్తూ ఉండేది. తనకి తెలివున్న రోజులు ఇంకా కొన్ని ఉన్నాయి, అవి అయిపోయేలోపు వెళ్ళి ఆ పిల్లని తీసుకురావాలి. బాబాయి ఎదుట కూర్చుని, మూడు పూటలైనా అక్కడే కూర్చుని, ప్రైవేటుగా పరీక్షకి కట్టించాలి. పొద్దున్న లేవగానే ఆ సంగతి గుర్తుంటే సంతోషించేవారు, ఇంకా గుర్తుంది కదా అని.

అలా గుర్తున్న ఒక పొద్దున్న, జ్ఞానమ్మ కాలవకి వెళ్ళిన వేళ, చొక్కా వేసుకుని బయల్దేరేరు. బోడసకుర్రు రేవులో ఏరు దాటేరు. అవతలి గట్టు మీద రెండు బస్సులున్నాయి. "అల్లవరం, అల్లవరం," అని తనలో తనే అనుకుంటూ వెళ్ళి, జనం ఎక్కుతున్న బస్సెక్కేరు. కిటికీ పక్కన చోటు దొరికింది. కొబ్బరితోటలు వెనక్కి పోతుంటే, చల్లగాలికి కాసేపు హాయిగా అనిపించింది. ఆ హాయిలోనే ఎక్కడో పేరు జారిపోయింది. అందరూ దిగుతుంటే దిగేరు. అమలాపురం బస్టాండు. ఎందుకొచ్చేరో తెలియలేదు. ఎవరినో తీసుకెళ్ళాలి. అది మాత్రం ఉంది. ఎవర్ని? దిగే ప్రతి మొహంలోకీ చూసేరు. చూసి చూసి, ఎండ నెత్తికెక్కేక, ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నారు.

అక్కడ సైకిల్ షాపు పెట్టుకున్న కామరాజు ఆయన పాత శిష్యుడు. చూసి పరుగెత్తుకొచ్చేడు.

"మాస్టారండీ, తమరిక్కడ కూర్చున్నారేంటండి? ఎవరి కోసవండి?"

"అదే నాయనా," అన్నారాయన. "నువ్వేమైనా చెప్పగలవా?"

కామరాజు షాపు మూసేసి, దగ్గరుండి ఇంటికి తీసుకొచ్చి దింపేడు. ఆయన ఎక్కడికి బయల్దేరేరో జ్ఞానమ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆయన్ని పక్కింటి వాళ్ళకి అప్పజెప్పి, మర్నాడు ఆవిడే అల్లవరం వెళ్ళింది.

చీకటి పడకుండానే తిరిగొచ్చింది. ఇస్సాకు మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ కాళ్ళు కడుక్కుని, చెంబుతో నీళ్ళు తాగి, ఆయన పక్కనే కూర్చుంది.

"ముత్యాల్ని చూసేనండి. చంకలో పిల్లాడు, ఇంకోడు కొంగు పట్టుకుని. బాగా నల్లబడిపోయింది. నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు, తర్వాత చాప వేసింది. టీ పెట్టింది. పరీక్షకి కట్టవే అంటే, 'ఇక్కడ నాకెవరు చెబుతారండి అమ్మగారూ' అంది. ఎక్కువ అడిగితే ఏడుస్తుందేమోనని ఊరుకున్నాను. ఆ బాబాయి అసలు ఒప్పుకోలేదు. వచ్చేటప్పుడు సందు చివరిదాకా వచ్చి, 'మాస్టారి మీద నాకేం కోపం లేదని చెప్పండి' అంది."

ఆయన శ్రద్ధగా విన్నారు. ఎదుటివాళ్ళు ఇంత బాధగా చెబుతుంటే వినడం మర్యాద.

"పాపం," అన్నారు. "ఎవరి పిల్ల?"

జ్ఞానమ్మ ఆయన మొహంలోకి చూసింది. "రేవులో సత్తిబాబు కూతురండి. లెక్క సరిగ్గా చెబితే బళ్ళో మాస్టారు కొట్టేరు. దాంతో చదువు పోయింది."

ఇస్సాకు మాస్టారి మొహం ఎర్రబడింది. చాన్నాళ్ళ తర్వాత ఆయన గొంతులో మునుపటి ఖంగు వినిపించింది.

"సరిగ్గా చెప్పిన పిల్లని కొట్టడవేంటి? ఎవరా మాస్టారు? అలాంటివాణ్ణి బళ్ళో ఎందుకుంచేరు?"

జ్ఞానమ్మ చెంబు తీసుకుని లేచింది.

"ఎవరు జ్ఞానం? పేరు చెప్పు. నేనెళ్ళి అడుగుతాను."

"ఎవరోలెండి," అంది ఆవిడ, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని. "ఇప్పుడు మానేసేరట. లోపలికి రండి, అన్నం పెడతాను."

ఆయన లేవలేదు. పెరిగిన కోపంతో అరుగు మీద పిడికిలి పెట్టి, ఆ పిల్ల కోసం, ఎవరో ఎరగని ఆ పిల్ల కోసం, వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. జ్ఞానమ్మ దీపం పెట్టి వచ్చి చూసేసరికి పిడికిలి విడిపోయి ఉంది. ఎవరి మీదో కోపం వచ్చిందన్న సంగతి కూడా ఆయన దగ్గర లేదు.